ఆవిరి మందుకు పథ్యం

తెలుగులో ‘మందు’ అన్న మాటకు ఎన్ని అర్థాలున్నాయో నేను నిఘంటువు చూసి నేర్చుకోలేదు. కువైట్‌లోని అహ్మదిలో, మే నెల ఎండలో, అంబులెన్సు పక్కన వాకీటాకీ పట్టుకుని నిలబడి నేర్చుకున్నాను. ఆ పాఠం ఇంకొంచెం సేపు సాగి ఉంటే ఒక మనిషి ప్రాణం, ఉద్యోగం రెండూ పోయేవి.

నర్సింగ్ చదివి గల్ఫ్ వెళ్లబోయే పిల్లలు ఇప్పుడు నాకు ఫోన్ చేసి ఏవేవో అడుగుతుంటారు. అందులో తరచుగా వచ్చే ప్రశ్న ఒకటుంది. "మేడమ్, వేప్‌తో సిగరెట్ మానొచ్చంటారా?" అవునంటే అబద్ధం, కాదంటే ఇంకా పెద్ద అబద్ధం. అందుకని నేను జవాబు చెప్పను, క్రేన్ భాయ్ సంగతి చెబుతాను. సగం మంది మధ్యలోనే ఫోన్ పెట్టేస్తారు. రాస్తే ఆ బాధ ఉండదు కదా అని ఇప్పుడు రాస్తున్నాను.

నేను పనిచేసింది ఆయిల్ పనులకు మనుషుల్ని, యంత్రాల్ని పంపే ఒక కాంట్రాక్టు కంపెనీ క్లినిక్‌లో. రెండు గదుల రేకు క్యాబిన్, ఒక ఏసీ, ఒక డాక్టరుగారు, నేను. డాక్టరుగారిది విజయవాడ, మెత్తటి మనిషి. నాది గోదావరి పక్క, మెత్తదనం నా దరిదాపులకు కూడా రాలేదు. "సిస్టర్ సూది నొప్పి లేదు, నోరే నొప్పి" అని మా కుర్రాళ్లు చాటుగా అనుకునేవారు. చాటుగా అన్నా నాకు వినిపించేది. నాకు కోపం వచ్చేది కాదు, ఎందుకంటే అది నిజం.

క్రేన్ భాయ్‌ది రాయచోటి పక్క పల్లె. యాభై దాటిన మనిషి, కంపెనీలో ఉన్న అతిపెద్ద క్రేన్ ఆయన చేతిలోనే ఉండేది. ఏనుగంత ఇనుప సామానును ఎత్తి, కోడిగుడ్డు దించినంత నెమ్మదిగా దించేవాడు. ఆ చేతికి ఎంత నిదానమో, ఆ నోటికి అంత తొందర. ఒక సిగరెట్టు ఆరకముందే ఇంకొకటి వెలిగేది. ముందటేడు గుండె నొప్పి వచ్చి స్టెంట్ వేశారు. అప్పుడే డాక్టరుగారు స్పష్టంగా చెప్పేశారు, సిగరెట్టు మానకపోతే వచ్చే ఏడు క్రేన్ నడపడానికి పనికొస్తాడని తాను సంతకం చెయ్యనని. క్రేన్ క్యాబిన్‌లో కూర్చున్న మనిషికి నొప్పి వస్తే పోయేది ఆయన ఒక్కడే కాదు, కింద ఉన్నవాళ్లు కూడా.

మానడానికి ఆయన ప్రయత్నించలేదని చెప్పను. నికోటిన్ గమ్ ఇస్తే కిళ్లీ నమిలినట్టు చకచకా నమిలి ఆ రసం మింగేశాడు, సాయంత్రం దాకా ఎక్కిళ్లు. పట్టీలు ఇస్తే చెమటకు ఊడిపోయేవి. ఒక పట్టీ ఆయన చొక్కా వెనక అతుక్కుని క్యాంపు అంతా తిరిగొచ్చింది. "మానేసినా సిస్టరమ్మా, అల్లా మీద ఒట్టు" అనేవాడు. ఆ మాటతో పాటే వాసన కూడా వచ్చేది. "భాయ్, ఒట్టు వేసేటప్పుడు కాస్త అవతలికి తిరిగి వెయ్యండి" అని నేను తిట్టేదాన్ని. ఆయన నవ్వేవాడు, బయటికి పోయి వెలిగించేవాడు. తిట్లు తినడం కూడా ఆయనకు ఒక అలవాటయిపోయింది.

ఒక రోజు తనంతట తానే ఒక వేప్ కొనుక్కొచ్చాడు. క్యాంపు పక్క బకాలాలో, పాలు, రొట్టె అమ్మే ఆ చిన్న కొట్లోనే, దొరికిందట. పొగకు బదులు నికోటిన్ ఆవిరి పీల్చే గొట్టం, పెన్నంత పొడవు, పుదీనా వాసన. డాక్టరుగారి బల్ల మీద పెట్టి, "సారూ, ఇదన్నా పన్జేస్తాదా?" అని అడిగాడు.

డాక్టరుగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. "చూడండి భాయ్, ఇది మంచిదని నేననను. సిగరెట్టు కంటే నయం, అంతే. గమ్ములకూ పట్టీలకూ లొంగనివాళ్లు కొందరు దీనితో మానుతున్నారు, అది నిజం. కానీ ఇదీ అదీ రెండూ పీలిస్తే మాత్రం ప్రయోజనం లేదు. సిగరెట్టు పూర్తిగా ఆపెయ్యాలి. ఆ తర్వాత దీని ఘాటు మెల్లమెల్లగా తగ్గించుకుంటూ వచ్చి, దీన్నీ ఆపాలి. ఏళ్ల తరబడి పీలిస్తే ఏమవుతుందో ఇంకా ఎవరికీ సరిగ్గా తెలీదు. పొద్దస్తమానం నోట్లో పెట్టుకు తిరగొద్దు. మీకు అన్నం తిన్నాకే కదా బాగా లాగేది? అప్పుడే వాడండి."

భాయ్ మొహం వెలిగింది. "అంటే ఇది మందు. సిగరెట్టు మానేది పథ్యం. అంతే గదా సారూ? చిన్నప్పుడు నాకు కామెర్లొస్తే పసరు పోసినారు. ఉప్పులేని కూడు తిన్నా, నూనె ముట్టలే. మా యమ్మ పక్కనే కూచోని చాపలు తింటాన్నా నేను నోరు తెరవలే. పథ్యం తప్పితే మందు వికటిస్తాది గదా."

డాక్టరుగారు, నేను మొహమొహాలు చూసుకున్నాం. అది మందు కాదని చెప్పడం మా ధర్మం. కానీ ఏడాదిగా మేమిద్దరం ఎన్ని భాషల్లో చెప్పినా ఎక్కనిది ఆయనకు తన భాషలో ఒక్క క్షణంలో ఎక్కేసింది. మా ఇద్దరికీ కాదనడానికి నోరు రాలేదు.

అది పనిచేసింది. దాన్ని కాదంటే పాపం తగులుతుంది. పథ్యం అన్న మాటకు మనవాళ్లలో ఉన్న బలం మీకు తెలిసిందే. ‘మానేస్తున్నాను’ అన్నవాడికి నలుగురూ చేరి ఒకటి అంటిస్తారు. ‘పథ్యంలో ఉన్నాను’ అన్నవాణ్ణి మాత్రం ఎవరూ బలవంతం చెయ్యరు. ఆయన గదిలోని రాయచోటివాళ్లు, కడపవాళ్లు ఆయన ఎదుట సిగరెట్టు తాగడం కూడా మానేశారట. ఆ గొట్టానికి ‘ఆవిరి మందు’ అని పేరు పెట్టారు. భాయ్ దాన్ని బీపీ బిళ్లలతో పాటు ఒకే గుడ్డ సంచిలో పెట్టుకునేవాడు, అన్నం తిన్నాక తీసేవాడు, మూతి తుడుచుకుని మళ్లీ లోపల పెట్టేవాడు. నెలలు గడిచాయి, దగ్గు తగ్గింది. క్లినిక్‌కి వస్తే పుదీనా వాసన వచ్చేది. ఏడాది పరీక్షలో డాక్టరుగారు సంతకం పెట్టారు.

అదే సమయంలో మా సేఫ్టీ ఆఫీసరు కూడా ఒకటి కొన్నాడు. హైదరాబాద్ కుర్రాడు, నన్ను అక్కా అని పిలిచేవాడు, తెలివైనవాడు. వాడు మాత్రం గదిలో వేప్, బయట సిగరెట్టు. "తగ్గించిన అక్కా, సగం తగ్గించిన" అనేవాడు. రెండు పడవల మీద కాళ్లు పెడితే ఒడ్డు చేరవురా అంటే నవ్వేవాడు. అదే గొట్టం, అదే పుదీనా. ఒకడికి పనిచేసింది, ఇంకొకడికి అలవాటు మీద అలవాటైంది. నేను చూసింది ఇంతే, ఇంతకు మించిన శాస్త్రం నాకు తెలియదు.

ఇక ఆ రోజు సంగతి.

ఆయిల్ కంపెనీ ప్లాంటులో కొంత భాగం ఆపి మరమ్మతులు చేస్తున్నారు. మిగతా భాగం నడుస్తూనే ఉంది, పైపుల్లో నూనె, గ్యాసు పోతూనే ఉన్నాయి. అలాంటి చోటికి నిప్పు పుట్టించేది ఏదీ వెళ్లకూడదు. గేటు దగ్గర నేపాలీ గార్డు అందరినీ ఒకే పాఠం అడుగుతాడు. "సిగరెట్? మాచిస్? లైటర్? మొబైల్?" భాయ్ ఎప్పుడూ బయటి యార్డుల్లో పనిచేసేవాడు, నడుస్తున్న ప్లాంటులోకి వెళ్లడం ఆ కంపెనీలో చేరాక అదే మొదటిసారి. ముందురోజు మా హైదరాబాద్ కుర్రాడు పెట్టిన సేఫ్టీ క్లాసులో, పొగ తాగేవాళ్లెవరు అని అడిగితే, భాయ్ చెయ్యెత్తి మరీ "నేను మానేసినా" అని చెప్పాడట. అందరూ చప్పట్లు కొట్టారు. వేప్ కూడా నిప్పు కిందే లెక్క అని తెర మీద ఇంగ్లీషులో ఒక ముక్క ఉంది. అది ఆయన కోసమని ఆయన అనుకోలేదు, చప్పట్లు కొట్టినవాళ్లూ అనుకోలేదు.

గేటు దగ్గర గార్డు అడిగాడు. "కుచ్ నహీ భాయ్, సిర్ఫ్ దవాయి" అన్నాడు మనవాడు, ఏం లేదు, మందులే అని గుడ్డ సంచి పైకెత్తి చూపిస్తూ. గార్డు పైనుంచి తడిమాడు. బిళ్లల అట్టలు గరగరమన్నాయి. మందులు లోపలికి పోనివ్వొచ్చు. యల్లా, పద అన్నాడు.

నేను ఆ రోజు అంబులెన్సుతో ప్లాంటు లోపలే, ప్రమాదం గీత అవతల నిలబడి ఉన్నాను. పెద్ద సామాను ఎత్తే రోజున నర్సు అక్కడ ఉండాలని నియమం. గదంత ఇనుప గొట్టాన్ని దాని దిమ్మె మీంచి ఎత్తి, నడుస్తున్న పైపుల వరస మీదుగా తీసుకెళ్లి అవతల ట్రాలీ మీద దించాలి. కింద నుంచి సైగలు చేసేవాడు ఒకడు, మొత్తం నడిపించేది ఈజిప్టు ఫోర్‌మన్, చూస్తూ నిలబడ్డది ఆయిల్ కంపెనీ తరఫు కువైటీ ఇంజనీరు. నా చేతిలోనూ ఒక వాకీటాకీ ఉంది. అందులో మాట్లాడితే అందరికీ వినిపిస్తుంది.

గొట్టం గాల్లోకి లేచింది. సరిగ్గా అప్పుడే భాయ్ గదిలో ఉండే కడప కుర్రాడు, తాడు పట్టుకునే రిగ్గరు, వేలు గీరుకుపోయి నా దగ్గరకి వచ్చాడు. నేను కడిగి కట్టు కడుతున్నాను.

"మీ మామ బాగానే ఉన్నాడా ఇవాళ?" అన్నాను.

"టెన్షన్‌గా ఉండాడు సిస్టర్. పొద్దున టీ గూడా తాగల్య. ఏం కాదులే, మందు జోబీలోనే ఉండాది."

"బీపీ బిళ్లా?"

"కాదు సిస్టర్. ఆవిరి మందు."

కట్టు చివర నా చేతిలోనే ఉండిపోయింది. "లోపలికి తెచ్చాడా?" అన్నాను. కుర్రాడు నా మొహం చూసి భయపడి తల ఊపాడు. వాడికప్పుడు అర్థమైంది. మందు అనుకున్నంత కాలం వాడికీ అది బ్యాటరీ అనీ, నొక్కితే లోపల తీగ ఎర్రగా కాలుతుందనీ తోచలేదు.

పరిగెత్తి ఫోర్‌మన్‌కి మెల్లిగా చెబుదామనుకున్నాను. రెండడుగులు వేశానో లేదో, గ్యాస్ చూసే మనిషి చేతిలోని మీటరు కూయడం మొదలుపెట్టింది. పైపుల దగ్గర ఎక్కడో ఒక కవాటం సన్నగా కారుతోంది. ఫోర్‌మన్ చెయ్యెత్తాడు. "స్టాప్! అందరూ ఎక్కడివాళ్లు అక్కడే!" గొట్టం పైపుల వరస మీద, గాల్లో, అలాగే ఆగిపోయింది.

మీకు ఆ ఆగడం గురించి చెప్పాలి. క్రేన్ కదిలినంతసేపు ఆపరేటరు చేతులకు పని ఉంటుంది. ఆగితే చేతులు ఖాళీ. ఖాళీగా, భయంతో కూర్చున్న మనిషి చెయ్యి ఎక్కడికి పోతుందో ముప్ఫై ఏళ్లు పొగతాగేవాళ్లను చూసిన నాకు తెలుసు. వాళ్లకు తెలియకుండానే జేబులోకి పోతుంది. కింద గ్యాసు, పైన గొట్టం, మధ్యలో గాజు గదిలో ఆ చెయ్యి. ఎండకు అద్దం మెరిసిపోయి నాకు ఆయన మొహం కనబడలేదు.

వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకున్నాను. ఇంగ్లీషులో చెబితే కువైటీ ఇంజనీరు వింటాడు. ప్లాంటులోకి రానిచ్చే పాస్ రద్దవుతుంది, కంపెనీ పంపించేస్తే ఆ దేశంలో ఉండనిచ్చే ఇఖామా పోతుంది, పెట్టె సర్దుకుని ఇంటి విమానమే. తెలుగులో చెబితే భాయ్‌కి చేరుతుంది, మిగతావాళ్లకు అర్థం కాదు. ముందు ప్రాణాలు దక్కితే తర్వాత సంగతి తర్వాత చూసుకోవచ్చనుకున్నాను.

"భాయ్, నేను సిస్టర్‌ని. జేబులో మందుంది కదా. దాన్ని ముట్టుకోవద్దు. వింటున్నారా? మందు ముట్టుకోవద్దు!"

మొదట జవాబిచ్చింది ఈజిప్టు ఫోర్‌మన్. "ఎవరది? మందూబ్‌ని ఎందుకు పిలుస్తున్నారు? ఇప్పుడు మందూబ్‌తో ఏం పని?" అని అరబ్బీ, ఇంగ్లీషు కలిపి అరిచాడు. మందూబ్ అంటే అక్కడ వీసాలు, ప్రభుత్వ కాగితాలు చూసుకునే కంపెనీ మనిషి. ఇంకో రోజైతే నవ్వి చచ్చేదాన్ని.

రెండో జవాబు మా హైదరాబాద్ కుర్రాడిది. వాడు అవతలి వైపు నుంచి నా మాట విన్నాడు. హైదరాబాద్‌లో మందు అంటే దేనికి వాడతారో మీకు నేను చెప్పక్కర్లేదు. కువైట్‌లో ఆ మందు చుక్క దొరికితే పోలీసులు, జైలు.

"అక్కా! మందా? క్రేన్‌ల ఉన్నోడు తాగి ఉన్నడా?" అని తెలుగులో అరిచాడు. అంతటితో ఆగినా బాగుండేది. కంగారులో ఇంగ్లీషులోకి మారిపోయాడు. "ఆపరేటర్ డ్రంక్! రిపీట్, ఆపరేటర్ డ్రంక్!"

ఒక్కసారిగా అందరూ క్రేన్ వైపు తిరిగారు. కువైటీ ఇంజనీరు టోపీ సర్దుకుని ముందుకు వచ్చాడు. గాల్లో గొట్టం కొద్దిగా ఊగింది. గాలి లేదు. ఊగిందంటే పైన లివర్ మీదున్న చెయ్యి వణికిందన్నమాట. జీవితంలో చుక్క ముట్టని మనిషి, శుక్రవారం నమాజు వదలని మనిషి, అందరూ వింటుండగా తనను తాగుబోతు అనడం ఆ గాజు గదిలో ఒంటరిగా కూర్చుని విన్నాడు.

వాకీటాకీలో ఆయన గొంతు వచ్చింది. అలాంటి గొంతు ఆయన నుంచి నేనెప్పుడూ వినలేదు. "సిస్టరమ్మా... నేను తాగిన్యానని ఎవరు చెప్పినారు? మీరు చెప్పినారా?"

ఇప్పుడు నాకు మిగిలింది ఒకటే. తాగుడు నింద పోవాలంటే అసలు సంగతి చెప్పాలి. అసలు సంగతి చెబితే ఆయన పాస్ పోతుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అది నా కళ్ల ముందే జరుగుతోంది. కానీ ఆ గొట్టం కింద పైపులున్నాయి, పైపుల పక్కన మనుషులున్నారు. వాళ్లకు నిజం తెలిసే హక్కుంది. ఇంగ్లీషులో, ఒక్కొక్క మాట విడివిడిగా చెప్పాను. "ఆపరేటర్ తాగి లేడు. ఆయన దగ్గర వేప్ ఉంది. సిగరెట్ మానడానికి వాడే వేప్. జేబులో ఉంది. ఆయన దాన్ని ముట్టుకోకూడదు. అంతే."

మీటరు ఒక్కటే కూస్తోంది. తర్వాత భాయ్ అన్నాడు, తెలుగులో, ఏదో తెలియనిదాన్ని విడమరిచి చెబుతున్నట్టు. "నేను ముట్టుకోలే సిస్టరమ్మా. సంచి తెరవనే లేదు. అన్నం తినకుండా మందెట్ల ఏసుకుంటారు?"

నాకు ఏడుపొచ్చింది. మా హైదరాబాద్ కుర్రాడు మళ్లీ వాకీటాకీ అందుకున్నాడు.

"అన్నా, నేను తప్పు చెప్పిన. నువ్వు తాగలే, అందరికీ చెప్తున్న, నువ్వు తాగలే" అన్నాడు. అదే మాట ఇంగ్లీషులో, హిందీలో కూడా చెప్పాడు. తర్వాత మళ్లీ తెలుగులో, "చేతులు రెండూ లివర్ల మీదనే ఉంచు. నేను ఈడనే నిలబడ్డ, నీకు కనబడుతున్న కదా? నన్నే చూస్కుంట ఉండు. నిమ్మలంగ దించుదాం" అన్నాడు. వాడు నిలబడ్డది క్రేన్ గదికి ఎదురుగా, పైపులకు దగ్గరగా. అక్కడ నిలబడాల్సిన అవసరం వాడికి లేదు.

కవాటం మూసేశారు. చాలాసేపటికి మీటరు కూత ఆగింది. ఆపరేటరును మధ్యలో మార్చడం కుదరదు, ఎత్తినవాడే దించాలి. ఫోర్‌మన్ చెయ్యి కదిపాడు. గొట్టం నెమ్మదిగా పైపుల వరస దాటింది, ట్రాలీ మీదికి వచ్చింది, చప్పుడు లేకుండా కూర్చుంది. కడప కుర్రాడు నా పక్కనే నిలబడి కలిమా చదువుకుంటున్నాడు. నేను నాకు తెలిసిన దేవుళ్లందరినీ పిలిచేశాను.

భాయ్ నిచ్చెన దిగి వచ్చి, గుడ్డ సంచిని సేఫ్టీ ఆఫీసరు చేతిలో పెట్టాడు. బిళ్లలు వేరుగా తీసుకోవచ్చా అని అడిగాడు. వాడు తలొంచుకునే బిళ్లలు తీసి ఇచ్చాడు.

విచారణ ఆ మధ్యాహ్నమే, గేటు బయట ఆఫీసులో జరిగింది. డాక్టరుగారిని కూడా పిలిపించారు. కువైటీ ఇంజనీరు వయసులో చిన్నవాడు, అరిచే మనిషి కాదు. ఆ వేప్‌ను బల్ల మీద పెట్టి, "ఇది ఏమిటి?" అని భాయ్‌ని అడిగాడు.

"దవా" అన్నాడు భాయ్. అరబ్బీలోనూ మందుకు అదే మాట.

ఇంజనీరు డాక్టరుగారి వైపు తిరిగాడు. "ఇది దవానా డాక్టర్?"

"కాదు" అన్నారు డాక్టరుగారు. "కానీ సిగరెట్ మానడానికి ఇతనికి ఉపయోగపడింది. అది మాత్రం నిజం."

ఇంజనీరు తలూపాడు. "నేనూ వాడతాను. నాది కారులో ఉంది, కారు గేటు బయట ఉంది. రూలు నాకూ ఇతనికీ ఒకటే." ఆ తర్వాత కాగితం మీద సంతకం పెట్టాడు. భాయ్‌కి ప్లాంటు పాస్ రద్దు. ముట్టుకోలేదు కాబట్టి, సామాను క్షేమంగా దించాడు కాబట్టి పోలీసుల దాకా పోలేదు. కంపెనీ ఆయన్ని పంపించెయ్యకుండా సబ్హాన్ అనే చోట ఉన్న తన గోదాముకు మార్చింది. అక్కడ ఉన్నది చిన్న క్రేన్, పెట్టెలు ఎత్తిదించే పని. చావు తప్పి కన్ను లొట్టపోయిందన్నమాట. వేప్ మాత్రం తిరిగి ఇవ్వలేదు.

గేటు బయట పొగతాగేవాళ్ల కోసం ఒక రేకుల షెడ్డు ఉంటుంది. లైటర్లు ఎవరి దగ్గరా ఉండకూడదు కాబట్టి, కరెంటుతో ఎర్రగా కాలే తీగ ఒకటి గోడకే బిగించి ఉంటుంది. సిగరెట్టు దానికి ఆనిస్తే అంటుకుంటుంది. బస్సు కోసం అందరూ అక్కడే చేరారు. భాయ్ చుట్టూ జనం. వీపు తడుతున్నారు, జాలి పడుతున్నారు. మన మగాళ్లకు జాలి చూపించడం ఒక్కటే తెలుసు, ప్యాకెట్టు చాపడం. నేను దూరంగా డాక్టరుగారితో మాట్లాడుతూ ఉండిపోయాను. మళ్లీ చూసేసరికి ఆయన గోడ వైపు తిరిగి ఉన్నాడు. నాకు వీపు తప్ప ఏమీ కనబడలేదు. ఆ వీపు ఒక్కసారి ముందుకు వంగింది.

బస్సు వచ్చింది. ఆడవాళ్లు ముందు సీట్లో, డ్రైవరు వెనక కూర్చోవడం అక్కడి పద్ధతి. ఆయన చివరి సీట్లో ఒక్కడే కూర్చున్నాడు. నేను ముందు సీటు దాటి, అందరూ చూస్తుండగా, వెనక్కి పోయి ఆయన పక్కన కూర్చున్నాను. కూర్చోగానే వాసన తగిలింది. పుదీనా కాదు.

నా నోటి నిండా తిట్లు వచ్చాయి. ఇన్ని నెలలు, ఇంత కష్టం, స్టెంట్ వేసిన గుండె, ఇంత బుద్ధి లేదా అని. నాకు మామూలుగా నోరు తెరవడానికి ఏ ప్రయత్నమూ అక్కర్లేదు, మూసుకోవడానికే కావాలి. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఖాళీ చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని ఉన్నాడు. నా సంచిలోంచి నీళ్ల సీసా తీసి ఇచ్చాను. తాగాడు. క్యాంపు దాకా ఇద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు.

ఆ తర్వాత కంపెనీలో కొన్ని మారాయి. సేఫ్టీ క్లాసు మన భాషల్లో, బొమ్మలతో చెప్పడం మొదలైంది. గేటు గార్డులు ఇప్పుడు "దవాయి ఖోల్ కే దిఖావో" అని మందుల సంచి తెరిపించి చూస్తారు. హైదరాబాద్ కుర్రాడు నా రేడియో మాటల గురించి రిపోర్టులో మర్యాదగా ఒక వాక్యం రాశాడు, ఇకపై ప్లాంటు రేడియోలో తెలుగు మాట్లాడవద్దని. ఆ వాక్యం వాడు నాకు ముందే చదివి వినిపించాడు, నేను సరేనన్నాను. వాడి రెండు పడవల ప్రయాణం మాత్రం నేను కువైట్ వదిలేనాటికి కూడా సాగుతూనే ఉంది. ఇంతవరకూ పొగ జోలికి పోని పిల్లలు సరదాకి వేప్ పట్టుకుంటామంటే మాత్రం నా దగ్గర ఒక్కటే మాట, అడుసు తొక్కనేల కాలు కడగనేల.

సబ్హాన్‌కి నేను వెళ్లింది మరుసటి ఏడు, గోదాము మనుషుల ఆరోగ్య పరీక్షలకు. భాయ్ చిన్న క్రేన్ దిగి వచ్చాడు. ఒళ్లు కొంచెం వచ్చింది.

"ఇప్పుడేం వాడుతున్నారు?" అన్నాను.

"ఏం లేదు సిస్టరమ్మా. ఆ పొద్దు తర్వాత ఇంగోటి కొన్నా. ఘాటు తగ్గించుకుంటా వచ్చినా. లీవులో ఇంటికి పోతి గదా, మన దేశంలో దాన్ని రానియ్యరంట. ఎయిర్‌పోర్టులో చెత్తబుట్టలో ఏసి ఇమానం ఎక్కినా. ఊర్లో రెండు దినాలు పిచ్చెక్కినట్టయింది. అంతే, పోయింది."

బీపీ చూస్తున్నాను. "మీకొక నిజం బాకీ ఉండా" అన్నాడు. "ఆ పొద్దు గేటు బైట ఒకటి తాగినా."

"తెలుసు."

"తెల్సా?"

"పక్కనే కూర్చున్నాను కదా భాయ్. నాకు ముక్కుంది."

ఆయన నా వైపు చూశాడు. "మరి తిట్టలేదే?"

నేను బీపీ పట్టీ విప్పాను.

"ఇంగోటి అడిగి తీసుకోని జోబీలో పెట్టుకున్నా సిస్టరమ్మా, బస్సు దిగినాక తాగుదామని" అన్నాడు. "మీరు తిడితే దిగినెంటనే తాగేటోణ్ణి, ఆ కోపంతో. క్యాంపు దాకా చూస్తానే ఉన్నా, ఇప్పుడు తిడతాది, ఇప్పుడు తిడతాది అని. మీరు నీళ్లిచ్చినారు. దిగినాక దాన్ని తుంచి పారేసినా."

నేను వెనక్కి తిరగమని చెప్పి, ఆయన వీపు మీద స్టెతస్కోపు పెట్టాను. గట్టిగా ఊపిరి పీల్చమన్నాను. పీల్చాడు. పిల్లికూతలు లేవు. ఇంకోసారి పీల్చమన్నాను, అవసరం లేకపోయినా.